మురుకుల పొద్దు

శుక్రవారం, నెల్లితోపు.

నేను చెబుతుంటే మనవరాలు సుధ రాస్తోంది. చదువు రాని ముసలిది నవల చెప్పడమేమిటని నవ్వేవాళ్లను నవ్వనీ. మా తోడికోడలు శాంతమ్మ నాకు చేసిందంతా అందులోకి ఎక్కాలి.

ఈ రోజు పద్దెనిమిదో అన్యాయం దగ్గర సుధ పెన్ను కింద పెట్టేసింది.

"చాల్లే అవ్వా. రోలు దాచింది, చీర కాల్చింది, కుండ పగలగొట్టింది... ఇన్ని చెప్తే చదివేవాళ్లకు ఆమె మీదే జాలి పుడతాది. ఒక్కటే పెట్టు."

"ఒక్కటా? యాడన్నా ఉందా ఈ న్యాయం?"

"నీకు ఇప్పటికీ నిద్ర పట్టనీనిది ఏందో, అది ఉంచు."

శాంతమ్మ కూతురి సీమంతం గుర్తొచ్చింది. సేదరపేట్‌లో మా అమ్మ పోయిందని ఆ రోజు తెల్లవారుజామునే శాంతమ్మకు కబురొచ్చింది. చెబితే నాకు మైల, పొయ్యి ముట్టకూడదు, పిండివంటలు ఆగిపోతాయి. అందుకే దాచింది. "ఇంకో వాయి వెయ్యి అమ్మణ్ణీ" అంటూ మధ్యాహ్నం దాకా నా చేత మురుకులు వేయించింది. నేను వెళ్లేసరికి అమ్మను తీసుకెళ్లిపోయారు.

మిగతా పదిహేడూ కొట్టేయించాను. కడుపు మండింది, ముఖ్యంగా ఆ రోలు దగ్గర...

శాంతమ్మకూ చదువు రాదు. నవల పూర్తయ్యాక బంధువులందరి ముందు కూర్చోబెట్టి సుధ చేత చదివిస్తాను. మడి మడి అని మమ్మల్ని గడప బయట నిలబెట్టిన మనిషి, మైల అని తెలిసీ నా చేతి మురుకులు కడుపుతో ఉన్న కూతురికి తినిపించింది.

ఆ వాక్యం మాత్రం నిదానంగా, రెండుసార్లు చదవమని సుధకు ఇప్పుడే చెప్పాను.