ఎండు రొయ్యల వాసన

శనివారం, కిరండూల్ గనుల కాలనీ

మా లంకలో అమ్మ రొయ్యలు ఎండబెట్టే ఇసుక దిబ్బను సముద్రం కోసేసిందట. "ఇప్పుడు పంపినయ్యే ఆఖరేమో అక్కా" అన్నాడు తమ్ముడు ఫోన్‌లో.

వైజాగ్ రైల్లో వచ్చిన ఆ పొట్లం విప్పి, వంకాయ కూరలోకని రొయ్యలు వేయిస్తుంటే ఆయన వంటింట్లోకి పరుగెత్తుకొచ్చారు. "కిటికీ ముయ్యవే! పై క్వార్టర్ వాళ్ళు కంపంటూ మళ్ళీ షికాయత్ చేస్తారు."

ఇన్నేళ్ళూ మూసే వండాను. మా ఊళ్ళో రొయ్యలు వేగే వాసన వీధిలోకి వెళ్తే అదే పిలుపు. దారిన పోయేవాళ్ళు ఎవరైనా సరే, లోపలికొచ్చి పీట వాల్చుకుని కూర్చునేవారు. ఆ దిబ్బే పోయాక ఈ వాసనను కూడా నేనే దాచిపెడితే ఎలా?

రెండో కిటికీ కూడా తీశాను. పైవాళ్ళు ఇవాళ దిగిరాలేదు. రేపూ ఇదే వండుతాను. తగువుకొస్తే రానీ, ముందు కంచం పెడతాను.