చివరి ఇంటి గొంతు

టేకులపల్లి, 9-12-2005

తమ్ముడు షాలేమ్‌కు, అక్క క్షేమమే.

నిన్న ఒక తండాలో ఆడా మగా అందరినీ ఒకచోట కూర్చోబెట్టి ఎయిడ్స్ మీద మీటింగ్ పెట్టాను. ముందుగా ఇంటింటి లిస్టు చూసి పేర్లు పిలిచాను. "జమ్లి" అనగానే పెద్దమనిషి వీరన్న, "ఆమె లేదు మేడం, కొట్టెయ్యుండ్రి" అన్నాడు. పేరు కొట్టెయ్యబోతుంటే చివరి ఇంట్లోంచి "ఉన్న" అని వినిపించింది. మళ్లీ పిలిచాను. మళ్లీ "ఉన్న". అంతమందిలో ఒక్కరూ తల తిప్పలేదు.

వెళ్లి చూస్తే తలుపుకు బయట గొళ్లెం. భర్త లారీ డ్రైవర్, ఆ జబ్బుతోనే పోయాడట. తెచ్చినవాడికి సమాధి కట్టారు, అంటిన ఆమెకు గొళ్లెం పెట్టారు. నేను తలుపు తీస్తే, "నా పేరు ఇంకా ఉన్నదా?" అని అడిగింది. రేపు దవాఖానాకు తీసుకుపోతున్నాను.

అమ్మకు మోకాళ్ల మందు ఉందా? నా శాలువా పంపు, ఇక్కడ చలి ఎక్కువ. చర్చిలో మీ పెళ్లి ప్రకటన చదివేలోపు రక్తపరీక్ష చేయించుకో. ముందు నువ్వు, తర్వాత నీకు కాబోయే భార్య ఆరాధన. ఇదంతా పోస్టు కార్డు మీద రాశానని కోపం వద్దు, నలుగురూ చదవనీ.

రేపు ఏ ఇంట్లోంచైనా ఆరాధన "ఉన్నా" అంటే, అందరికంటే ముందు తల తిప్పేది నువ్వే కావాలని దేవుణ్ణి అడుగుతున్నాను.

అక్క సంపూర్ణ