అమ్మ హారతి మీద అతని గొంతు

శుక్రవారం

నాన్న కొన్న టేప్ రికార్డర్ బాగైందని కోరుట్ల మెకానిక్ ఫోన్ చేస్తే సిరిసిల్ల నుంచి బస్సులో వెళ్లాను. పాట సాగదీసినట్టు వస్తోందని బాగు చేయడానికి ఇచ్చాను. బెల్టు మార్చాడు. పెట్టి చూసుకోవడానికని అమ్మ పాడిన మంగళహారతి క్యాసెట్ కూడా నేనే ఇచ్చాను. ఇవాళ మీట నొక్కగానే వినిపించింది అతని గొంతు: "హలో, హలో, చెక్."

దాని మీద ఎవరూ మళ్లీ రికార్డు చేయకూడదనే నాన్న క్యాసెట్ అంచున ఉండే రెండు ప్లాస్టిక్ ముక్కలూ విరిచేశారు. ఇతను ఆ గుంతలకు ప్లాస్టర్ అంటించి మరీ రికార్డు చేశాడు.

"రికార్డింగ్ సుత చూడాలె గదక్కా. రెండు నిమిషాలే పోయింది."

"మా అమ్మ గొంతు గిదొక్కటే ఉన్నది, తమ్మీ." అంతకన్నా గట్టిగా మాట రాలేదు.

"మిగిలింది మంచిగనే అస్తున్నది గద," అని నవ్వాడు.

హారతికి ముందు అమ్మ "గంట కొట్టు బిడ్డా" అని నన్ను పిలిచేది. ఆ పిలుపు ఆ రెండు నిమిషాల్లోనే ఉండేది.

సాయంత్రం దీపం పెట్టి అందరినీ చల్లగా చూడమని మొక్కాను. అతణ్ణి మాత్రం కలపలేదు. స్వామి ఏమనుకున్నా సరే.