ఈ యేటి బొండం

బావా,

కిడ్నీ జబ్బు మన ఉద్దానంలోనే ఎందుకింతగా వస్తోందో తేలుస్తామని మా అందరి రక్తం తీసుకెళ్లిన పరిశోధకులు, ఈసారి నిజంగానే తిరిగొచ్చారు. నువ్వు ఇలా రక్తం తీసుకొమ్మని ఎంతమందికి చెయ్యి చాపలేదు! "తీసుకుపోయినోల్లు మల్లీ రారేటే? ఏటి తేలిందో సెప్పరేటే?" అని సణుగుతూనే పోయావు. వీళ్లు చెప్పారు. జబ్బు ఎందుకొస్తోందో ఇంకా తేలలేదట. ఎవరికొచ్చిందో మాత్రం తేలిందట. మన కొడుకు అప్పన్నను పక్కకు పిలిచి చాలాసేపు మాట్లాడారు. ఇంటికొచ్చి వాడు తిన్నగా తోటలోకి పోయాడు.

ఈరోజు నీ తద్దినం. డయాలసిస్ మొదలయ్యాక కొబ్బరినీళ్లు ముట్టొద్దన్నారు కదా. ఇంత తోట ఉండి, గుక్కెడు నీళ్లకు మొహం వాచి పోయావు. అందుకే ఏటా నీ ఫొటో ముందు బొండం పెడతాం. తర్వాత ఆ నీళ్లు అప్పన్న తాగుతాడు.

ఈసారీ వాడే చెట్టెక్కి దింపాడు, వాడే కొట్టాడు. దండం పెట్టుకున్నాక గ్లాసులో పోసి వాడి చేతికివ్వబోయాను. వాడు అందుకోలేదు.

"నువ్వే తాగమ్మా. నాను కూడా తాగకూడదంట."

నా రక్తం బాగుందట, బావా. ఆ నీళ్లు నేనే తాగాను.