కాంటాకు కండ్లు లేవు

దబీర్‌పురా స్టేషన్ పక్కన జిమ్ము నడిపే మొయిన్ భాయ్‌కి,
లాడ్ బజార్ డ్రైఫ్రూట్స్ దుకాణం వైకుంఠం నమస్కారాలు.

ఫోన్ చేస్తే మీ జిమ్ములో పాటల మోత తప్ప ఏమీ వినిపించడం లేదు. అందుకే రాస్తున్నాను. మా దుకాణంలో గల్లా దగ్గరికి వెళ్ళే సందులో నేను ఇరుక్కున్న సంగతి మీకు తెలుసు. బజారంతా వచ్చి లాగితే బయటపడ్డాను. ఆ రోజు నుంచి గల్లా దగ్గర మా సావిత్రి తమ్ముడు మహేందర్ కూర్చుంటున్నాడు. "బావా, నువ్వు బయటనే కూసో, లోపల నేను జూస్కుంట" అంటాడు. మా నాయన కూర్చున్న చోటది. అది మళ్ళీ దక్కాలనే మీ దగ్గర చేరాను. ఎండాకాలమంతా బరువులెత్తాను. నిన్న మూటలు తూచే కాంటా ఎక్కితే, చేరినప్పుడు ఎంతో ఇప్పుడూ అంతే. నా కాంటా అబద్ధం చెప్పదు. మరి ఎవరు చెబుతున్నట్టు?

ఇట్లు,
చెమట వృథా అయిన వైకుంఠం

తా.క.: కొత్త గిరాకీలు మహేందర్‌ను సేఠ్ అనీ, నన్ను హమాలీ అనీ అనుకుంటున్నారు. నిన్న ఒకాయన బాదం మూట నా భుజాన పెట్టి ఆటో చూపించాడు. మోశాను.

*

వైకుంఠం సేఠ్‌కు సలాం.

మీ కాంటా మంచిదే. కానీ దానికి కిలోలే తెలుసు, అవి దేని కిలోలో తెలియదు. మీ ఒంట్లో కొవ్వు తగ్గింది, కండ పెరిగింది. అందుకే మొత్తం మారలేదు. కిలో కొవ్వుకు కావలసినంత జాగా కిలో కండకు అక్కర్లేదు. కాంటా దిగి, టేపుతో నడుము కొలుచుకోండి.

మీ మేలు కోరే
మొయిన్

తా.క.: ట్రెడ్‌మిల్ మీద మీరు ప్యాంటు పట్టుకుని పరుగెత్తడం చూశాను. ప్యాంటు వదులవడం శుభవార్తే. అయినా బెల్టు కొనండి. పక్కన ఆడవాళ్ళ బ్యాచ్ నడుస్తోంది.

*

మొయిన్ భాయ్‌కి, మోసపోయిన వ్యాపారి రాయునది.

నేను సరుకు దించమంటే మీరు వేరే సరుకు ఎక్కించారు. కండ కావాలని నేను అడిగానా? దయచేసి వాపసు తీసుకోండి.

ఇక నా దారి నేను చూసుకున్నాను. అన్నం, నీళ్ళు మానేసి, రగ్గు కప్పుకుని డాబా మీద ఎండలో కూర్చున్నాను. మర్నాటికి మూడు కిలోలు తగ్గాను. మీ జిమ్ము చేయలేనిది ఒక రగ్గు చేసింది. ఆ సంతోషంలో దుకాణానికి బయలుదేరి, అత్తరు కొట్టు ముందు కళ్ళు తిరిగి పడిపోయాను.

ఇట్లు,
మంచంలో నుంచి వైకుంఠం

తా.క.: సావిత్రి కుండెడు మజ్జిగ తాగించింది. సాయంత్రానికి ఆ మూడు కిలోలూ తిరిగొచ్చాయి. మజ్జిగలో అంత కొవ్వుంటుందా?

*

సేఠ్, ముందు ఆరోగ్యం జాగ్రత్త.

ఆ రగ్గు బీరువాలో పెట్టి, తాళం సావిత్రి భాభీకి ఇవ్వండి. మీ ఒంట్లోంచి పోయింది కొవ్వు కాదు, నీళ్ళు. తాగగానే తిరిగొచ్చాయి. ఇలాగే కడుపు మాడ్చుకుంటే, కష్టపడి పెంచుకున్న కండ కూడా పోతుంది. పప్పు, శనగలు, పెరుగు తినండి. మీ సందుకు కిలోలతో పనిలేదు, వెడల్పు తగ్గితే చాలు.

మీ
మొయిన్

తా.క.: కండ వాపసు తీసుకునే పద్ధతి మా జిమ్ములో లేదు.

*

ప్రియమైన మొయిన్ భాయ్,

మీ ఉత్తరం చదివి సావిత్రి జాకెట్లు కుట్టే టేపు తెచ్చి నా నడుముకు చుట్టింది. "గా కాంటాకు కండ్లు లేవు, నాకైతె ఉన్నయి గద. మీ పొట్ట సగమైంది" అన్నది. నమ్మలేదు. ఈ ఉదయం ఊపిరి బిగబట్టి సందులో అడుగు పెట్టాను. ఎక్కడా తగల్లేదు. మా నాయన చోట నిలబడితే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

కానీ వెంటనే కూర్చోలేకపోయాను. నాకు చోటివ్వాలని లేచిన మహేందర్ సందులో ఇరుక్కుపోయాడు. అప్పుడు బయటపడింది: లోపల కూర్చుని జీడిపప్పు, అంజీరు తిని తిని, కొన్నాళ్ళుగా వాడు సందులో పట్టక, అందరికంటే ముందొచ్చి కౌంటర్ ఎక్కి లోపలికి దిగుతున్నాడట. ఈసారి బజారును పిలవలేదు. నేనొక్కణ్ణే వెనక నుంచి నెట్టి బయట పడేశాను. రేపటి నుంచి వాణ్ణి మీ దగ్గరికి పంపిస్తున్నాను.

ఇట్లు,
గల్లా దగ్గర నుంచి
వైకుంఠం

తా.క.: మీ జిమ్ము తలుపు ఎంత వెడల్పో మహేందర్ కనుక్కోమంటున్నాడు.