దొరసాని సాక్ష్యం

మార్చి 4, శుక్రవారం

తమ్ముడికి,

అక్క దీవెనలు. నువ్వక్కడ క్షేమంగా ఉన్నావనే అనుకుంటున్నాను. ఇక్కడ నా కాలు క్షేమం, మనసు కాదు. అట్టలు కోసే కత్తి జారి పిక్క చీరుకుపోయిన దగ్గర్నుంచి ఇరవై ఆరు రోజులు ఆస్పత్రి మంచం మీద పడున్నదాన్ని, ఇంటికొచ్చాక కాస్త ఊపిరి పీల్చుకుందామనుకున్నాను. ఆ భాగ్యం కూడా లేకపోయింది.

ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరమేమిటని విసుక్కోకు. ఫోన్లో అయితే నువ్వు రెండు జోకులేసి మాట మార్చేస్తావు, నేను నవ్వేసి ఊరుకుంటాను. ముఖ్యమైన మాట కాగితం మీదే ఉండాలని నాన్న అనేవాడు కదా. పుస్తకాలు కుట్టి బతికిన మనిషి, కాగితాన్ని తప్ప దేన్నీ నమ్మలేదు. ఆయన పనితో పాటు ఆ బుద్ధి కూడా నాకే అబ్బింది.

సూటిగా అడుగుతున్నాను. నేను లేనప్పుడు మళ్లీ తాగావా?

దొరసాని సంగతి చెబుతాను, విను. ఆదివారం మధ్యాహ్నం చేతికర్ర పట్టుకుని మెట్లెక్కి తలుపు తీశాను. మామూలుగా అయితే సందు మొదట్లో నా చెప్పుల చప్పుడు వినగానే గుమ్మంలోకొచ్చి, ఇంతసేపు ఎక్కడ తిరిగావన్నట్టు అరిచే పిల్లి. ఆ రోజు కూడా నా వైపు రెండడుగులు వేసింది. అంతలోనే ఆగిపోయింది. వీపు మీద బొచ్చంతా లేచింది. బుస్సుమని ఒక్క గెంతులో బీరువా పైకెక్కేసింది. అప్పటి నుంచి నేను గదిలో ఉండగా కిందికి దిగింది లేదు. నేను వంటింట్లోకి వెళ్తే దిగి గబగబా నాలుగు మెతుకులు తిని మళ్లీ పైకే. నా దుప్పటి రెండుసార్లు పాడుచేసింది. నిన్న స్టూలు వేసుకుని ఎత్తుకోబోతే ముంజేతి మీద నాలుగు గీతలు గీసింది. నా చేతుల్లో పెరిగిన పిల్లిరా అది, అట్టముక్కల బుట్టలో కళ్లు తెరిచిన పిల్లి!

యజమాని చాన్నాళ్లు కనబడకపోతే పిల్లులు అలుగుతాయని కట్టు కట్టడానికొచ్చే నర్సమ్మ అంది. దొరసాని అలక నాకు తెలియదా? అలిగితే వీపు తిప్పి కూర్చుంటుంది, పిలిస్తే తోక మాత్రం ఆడిస్తుంది. ఇది అలక కాదు, భయం. బీరువా పైన గోడకి అతుక్కుపోయి, చెవులు వెనక్కి విరిచి అది అలా కూర్చోవడం నేనింతకుముందు చూశాను. నువ్వూ చూశావు. రెండేళ్ల కిందట నువ్వు తాగొచ్చిన రోజులన్నీ అది అక్కడే గడిపింది. నువ్వు గోడకేసి కొట్టిన సీసా పెంకు దాని చెవి కొస తెంపేసినప్పుడైతే మూడు రోజులు దిగలేదు. ఆ మర్నాడే నీ భార్య పాపని తీసుకుని పుట్టింటికి వెళ్లిపోయింది.

మరి ఇప్పుడెందుకెక్కింది చెప్పు. కింద దుకాణం టైలర్ని పిలిచి, నేను లేనన్నాళ్లలో గాజు పగిలిన చప్పుడేమైనా విన్నావా అని అడిగాను. ఒకరోజు సాయంత్రం పెద్ద చప్పుడే అయిందన్నాడు. పైగా నేను ఇంటికొచ్చే రోజు పొద్దున్నే, ఎక్కడో లిఫ్టు బిగించాలని నువ్వు ఊరెళ్లిపోయావు. ఒక్క పూట ఆగలేకపోయావా? పనుండా, నా ఎదుట పడే మొహం లేకా?

ఇదంతా నా చాదస్తమైతే అంతకన్నా కావలసిందేముంది? కానీ మంగళవారం నీ భార్య ఫోన్ చేసింది. పద్నాలుగు నెలలుగా చుక్క ముట్టలేదని నువ్వు చెబుతున్నావట. వదినా, ఆయన మాట కాదు, మీ మాట నమ్ముతాను, రమ్మంటే వస్తాను, వద్దంటే పాపని ఇక్కడి బడిలోనే ఉంచేస్తాను, వచ్చే శుక్రవారంలోగా బడివాళ్లకి చెప్పాలి, ఏదైనా కాగితం మీద రాసి పంపండి అంది. నా అలవాటు తనకీ తెలుసు మరి. నేను రమ్మని రాసి, నీ సంగతి పాతదే అయితే పాప మళ్లీ ఆ సీసాల మధ్యకొచ్చి పడుతుంది. వద్దని రాస్తే నీకు పాప లేనట్టే. నేనింకా తనకేమీ రాయలేదు. నీ జవాబు కోసం చూస్తున్నాను. నా చెవిలో పువ్వులు పెట్టకుండా ఉన్నదున్నట్టు రాయి.

కోపంతోనే అయినా,
నీ అక్క

మార్చి 9, బుధవారం

తమ్ముడికి,

అక్క దీవెనలు. ఈసారి దీవెనలతో పాటు ఇంకొకటి కూడా ఇచ్చుకోవాలి. క్షమాపణ.

నీ జవాబు రాలేదు. వచ్చేలోపే దొరసాని చెప్పేసింది.

సోమవారం నర్సమ్మ కట్టు విప్పి చూసి, చర్మం బాగా పట్టింది, ఇక స్పిరిట్‌తో తుడవక్కర్లేదు, సబ్బుతో కడుక్కుంటే చాలు అంది. నెల రోజులుగా పొద్దునా సాయంత్రం గాయం చుట్టూ అదే పూత. నా ముక్కు ఆ వాసనని పట్టించుకోవడం ఎప్పుడో మానేసింది. ఆ రోజు తలారా స్నానం చేశాను. దుప్పట్లు, బట్టలు అన్నీ ఉతికించాను. మిగిలిన సీసా నర్సమ్మకే ఇచ్చేశాను.

నిన్న కిటికీ దగ్గర కూర్చుని ఒక పాత నిఘంటువుకి అట్ట కడుతున్నాను. బీరువా మీంచి దబ్బుమని చప్పుడు. దొరసాని దిగింది. వచ్చి నా వేళ్లు వాసన చూసింది. గీరిన చోట ముంజేయి చూసింది. కాలి గాయం దగ్గర చాలాసేపు ఆగింది. చివరికి ఒళ్లోకెక్కి, జిగురు చేతులని కూడా చూడకుండా తల రుద్ది, గుర్రుగుర్రుమంటూ పడుకుంది. నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు వెలిగింది ఈ మట్టిబుర్రకి. అది భయపడింది నాకేరా. ఆస్పత్రి నుంచి నేను మోసుకొచ్చిన వాసనకి. నువ్వు తాగొచ్చిన ఆ చౌకరకం మందూ, ఈ స్పిరిట్టూ దాని ముక్కుకి ఒకటే. సీసాలు తెలియవు దానికి, గాయాలు తెలియవు. ఆ వాసన వస్తే చెవి తెగుతుందని మాత్రం తెలుసు.

ఆ వాసన సోకితేనే బీరువా ఎక్కే పిల్లి ఇరవై ఆరు రోజులు నీ దగ్గర ఎలా ఉంది? వెంటనే టైలర్ని పైకి పిలిచాను. రోజూ సాయంత్రం మీ తమ్ముడి భుజమ్మీదే ఉండేదండీ, కిటికీలోంచి ఇద్దరూ కలిసి వీధి చూసేవాళ్లు అన్నాడు. మరి గాజు పగిలిందన్నావు కదయ్యా అంటే, పగిలింది మా దుకాణంలో నిలువుటద్దమండీ, మీ తమ్ముడే వచ్చి పెంకులన్నీ ఏరిపెట్టాడు అన్నాడు. ఆ రోజే చెప్పొచ్చు కదా అంటే, చప్పుడు విన్నావా అన్నారు, విన్నానన్నాను, ఎక్కడని మీరడగలేదు కదండీ అన్నాడు. ఎంత కొలత చెబితే అంతే కోసే మనిషి. అతన్ని అని ఏం లాభం? నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనుకున్నాను, నాలుగోది వెతకలేదు.

మంచం కింద నీ పని చొక్కా ఒకటి దొరికింది. దాన్నిండా దొరసాని బొచ్చే. అంత జరిగాక కూడా నా బుద్ధి చూడు, ఆ చొక్కాని ముక్కుకి ఆనించుకుని మరీ వాసన చూశాను. గ్రీజు, చెమట, పిల్లి. ఇంకేమీ లేదు. నిన్ను పిల్లి నమ్మినంత నేను నమ్మలేకపోయాను. పద్నాలుగు నెలలు ఒక్కో రోజూ ఎలా నెట్టుకొచ్చావో కళ్లారా చూసినదాన్ని, ఒక్క వారంలో దాన్నంతా తీసి పారేశాను. నన్ను క్షమించరా.

తలవంచుకుని,
నీ అక్క

తా.క.: మొదటి ఉత్తరంలో నీకొక అబద్ధం రాశాను. నీ భార్యకి ఇంకా ఏమీ రాయలేదన్నాను కదా. అదే శుక్రవారం, అదే పోస్టు డబ్బాలో తనకీ ఒక ఉత్తరం వేశాను. వాడు మారలేదు, రావద్దు అని. రాయించింది పిల్లిని చూసి పుట్టిన అనుమానం ఒక్కటే కాదు. తను వస్తే మీరు ముగ్గురూ వేరే ఇల్లు చూసుకుంటారు, ఈ కాలుతో ఈ మేడ మీద నేనొక్కదాన్నే మిగిలిపోతానని ఆస్పత్రిలోనే భయం పట్టుకుంది. నువ్వు మళ్లీ తాగావనుకున్నప్పుడు గుండె తరుక్కుపోయిన మాట నిజం. ఆ వెనకాలే, అయితే వీడు నన్నొదిలి వెళ్లడన్నమాట అని కొంచెం హాయిగా కూడా అనిపించింది. అది తలచుకుంటే నన్ను చూసి నాకే భయమేస్తోంది. నిన్నటి నుంచి తనకి ఏడుసార్లు ఫోన్ చేశాను. ఎత్తడం లేదు. శుక్రవారానికి ఇంక రెండే రోజులు. అందుకే ఈ ఉత్తరం నేరుగా నీకు పంపడం లేదు. ఇప్పుడే టైలర్ని బస్సెక్కించి తనకే పంపుతున్నాను, ముందు తను పూర్తిగా చదివి, తర్వాత నీకు చేర్చమని. ఇది నీ చేతిలో ఉందంటే నేను చేసిన పని తనకి కూడా తెలుసన్నమాట. పోస్టులో వచ్చిందో, తనే తెచ్చి ఇచ్చిందో, ఆ ఒక్క ముక్క నాకు రాయి.