మూడో చరణం పాడిందెవరు

పాలకొల్లు,
జూలై 4, 2024.

ప్రియమైన వదిన కృపారాణికి,

నీ తమ్ముడి భార్య వీరమ్మ వందనాలు చెప్పి రాయిస్తున్నది. రాస్తున్నది మన వీధిలో ఉండే రిటైరైన పోస్టుమాస్టరు యెహెజ్కేలు గారు. నేను చెప్పింది చెప్పినట్టు రాస్తానని మాటిచ్చాకే కలం మూత తియ్యనిచ్చాను. ఫోన్లో నేనొకటి అనేలోపు నువ్వు నాలుగంటావు. కాగితం మీద ఆ పప్పులు ఉడకవు కదా.

సంగతి నీకు తెలిసిందే. నవంబరులో మన గుడికి నూరేళ్ళ పండగ. నీ మేనల్లుడు విజయ్ పాల్ కమిటీ సెక్రటరీ అయ్యాడు. గుడి పక్క సామాన్ల కొట్టు ఖాళీ చేయించి, పాత పాటలు వినే గది చేస్తున్నాడు. ఎనభై నాలుగులో కోతల పండగకి మద్రాసు నుంచి వచ్చినవాళ్ళు రికార్డు చేసిన పాట అందులో వినిపిస్తారట. మూడో చరణం పాడినావిడ పేరు గోడ మీద బోర్డు రాయించి పెడతారట. ఆ పేరు కృపారాణి అని నువ్వు వాడికి చెప్పావట.

వదినా, ఆ గొంతు నాది. ఇరవై మందిమి పాడుతుంటే అందరికంటే పైన వినబడే ఆ ఒక్క గొంతు నాది. నా గొంతు నాకు తెలియదా? నువ్వు టీచరమ్మవి, పుస్తకం చూసి పాడావు. నేను చూడకుండా పాడాను. పుస్తకంలోకి తల వంచుకున్నవాళ్ళ గొంతు అంత దూరం వెళ్తుందా?

ఇన్నాళ్ళూ పాస్టరు గారి టేపు రికార్డరులో విన్నాం. దానికి ఉన్నది ఒక్కటే స్పీకరు. అందరి గొంతులూ ఒకే కంతలోంచి వచ్చి పడేవి. కానీ ఆ రోజు మైకులు రెండు పెట్టారు, ఆడవాళ్ళ వైపు ఒకటి, మగవాళ్ళ వైపు ఒకటి. మంచి స్పీకర్లు రెండు సరైన చోట పెడితే ఎవరు ఎక్కడ నిలబడ్డారో అక్కడి నుంచే వినబడతారని విజయ్ పాల్ చెప్పాడు. నువ్వు గోడ వారన నిలబడ్డావు, నేను నడవ వారన. ఇక తేలకుండా ఎక్కడికి పోతుంది?

అందుకని స్పీకర్లు నేనే ఎంచుతానన్నాను. వాడు నా భుజాల దాకా వచ్చేవి కావాలంటున్నాడు. ఆ గది నిలువు పదడుగులు, అడ్డం తొమ్మిది. కుంచంలో పుట్టెడు ధాన్యం కొలవగలమా? నువ్వే చెప్పు.

ఇట్లు,
నీ మేలు కోరే, నీతో పేచీ మానని
వీరమ్మ (వేలిముద్ర)


తుని,
జూలై 11.

ప్రియమైన మరదలు వీరమ్మకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది, రెండోసారి ఒళ్ళు మండింది. యెహెజ్కేలు గారూ, మీకు నా నమస్కారాలు. మీ ఓపికకు దేవుడు మీకు నిండు ఆయుష్షు ఇవ్వాలి.

వీరమ్మా, ఆ రోజు నీకు జలుబు. అల్లం ముక్క నోట్లో పెట్టుకుని నిలబడ్డావు. ఆ అల్లం ఇచ్చింది నేనే. జలుబు గొంతుతో అంత పైకి పాడావంటే నమ్మడానికి నేనేం పసిపిల్లని కాను.

స్పీకర్ల విషయంలో కూడా నీదే తప్పు. మా అబ్బాయి రమేష్ బాబు మా ఇంటి హాల్లో రెండు పెద్దవి పెట్టాడు. డప్పు మోగితే గుండెల్లో తగులుతుంది. పెద్దవాటిలో అన్నీ వినబడతాయి. చిన్న డబ్బాలైతే నీ పక్షాన మాట్లాడతాయని ఆశపడుతున్నావేమో.

ఒక్క మాట నిజంగా చెబుతున్నాను, ఎగతాళి చెయ్యకు. ఆ ఊళ్ళో పదకొండేళ్ళు పాఠాలు చెప్పాను. బదిలీ అయి వచ్చేశాక అక్కడ నన్ను తలుచుకునేవాళ్ళు ఎవరూ లేరు. ఆ ఒక్క చరణం ఉంది కదా అనుకుంటూ బతికాను. దాన్ని ఊరికే వదులుకోలేను.

ప్రేమతో,
నీ వదిన
కృపారాణి


పాలకొల్లు,
జూలై 20.

ప్రియమైన వదినకు,

ఎగతాళి చెయ్యలేదు. ఆ ముక్క యెహెజ్కేలు గారి చేత రెండుసార్లు చదివించుకున్నాను. కానీ అల్లం మాట ఒప్పుకోను.

మొన్న విజయ్ పాల్, నేను బజార్లో నాగేశ్వరప్రసాద్ గారి స్పీకర్ల కొట్టుకి వెళ్ళాం. ఆయన మర్యాదస్తుడు. "అమ్మగారూ, ఇవి నూట యాభై వాట్సండి, ఇవి అరవై వాట్సండి" అని మొదలుపెట్టాడు. "వాట్సు నాకెందుకు బాబూ? లెక్క చెప్పి ఎద్దుని అమ్ముతారా? నడిపించి చూపించండి" అన్నాను. నవ్వి, పెద్ద జత ఒకటి, చిన్న జత ఒకటి ఆటోలో గుడికే తెచ్చాడు.

ముందు పెద్దవి. విజయ్ పాల్ వాటిని గోడకి ఆనించి రెండు మూలల్లో నిలబెట్టాడు. పాట మొదలయ్యేసరికి హార్మోనియం కొట్టంలో గేదె అరిచినట్టుంది. ఒక్కో మోత గోడకి కొట్టుకుని తిరిగొచ్చి, తర్వాతి మోత మీద పడుతోంది. "బ్రహ్మాండంగా ఉంది కదా పెద్దమ్మా?" అన్నాడు. "ఒరేయ్, ఇందులో మనుషులెక్కడున్నార్రా?" అన్నాను. ముందుకి జరిపించినా అంతే. ఆ గదికి అవి ఎక్కువ.

తర్వాత చిన్నవి, బియ్యం డబ్బా అంత ఉంటాయి. వాటిని నేను పెట్టించాను. కూర్చుంటే మన చెవి ఎత్తుకి వచ్చేలా స్టూళ్ళ మీద, గోడకి మూరెడు దూరంలో, రెంటి మధ్యా ఒక మనిషి కాళ్ళు చాపుకుని పడుకునేంత ఎడం. గదిలో చప్పట్లు కొడితే ఖాళీ బిందెలా మోగింది. మా ఇంటి బొంతలు రెండు తెచ్చి వెనక గోడకి వేలాడదీశాను. నాగేశ్వరప్రసాద్ గారు తన రెండు చేతులూ తట్టి చూసి, "అమ్మగారూ, మా కొట్లో ఉద్యోగానికి వస్తారా అండి?" అన్నాడు.

వదినా, అప్పుడు పాట వేస్తే మొదటి చరణం అయ్యాక ముసలి లాజరు ఉపదేశి గారు దగ్గారు. ఆయన పోయి ముప్పై ఏళ్ళు. ఆ దగ్గు మగవాళ్ళ వైపు, ముందు వరసలోంచి వచ్చింది. నేను లేచి కొంగు తల మీద వేసుకున్నాను. విజయ్ పాల్ నవ్వలేదు.

రెండో చరణం కాగానే ఆపెయ్యమన్నాను. మూడోది వినలేదు. నువ్వు ఒప్పుకుంటేనే వింటాను. రేపు ఓడిపోయాక స్పీకర్ల మీద నెపం పెట్టకూడదు. చిన్నవే ఖాయం అని నీ చేత్తో రాసి పంపు.

నీ వదినగారితనానికి దణ్ణం పెడుతూ,
వీరమ్మ (వేలిముద్ర)


తుని,
జూలై 26.

ప్రియమైన వీరమ్మకు,

లాజరు గారి దగ్గు మాట రమేష్ బాబుకి కూడా చదివి వినిపించాను. చిన్నవే ఖాయం. కృపారాణి అనే నేను ఒప్పుకుని రాసిచ్చినది.

షరతు ఒక్కటే. ఏం వినబడితే అదే రాయించు. నా మనసు నొప్పించకూడదని మార్చకు, నువ్వు గెలవాలనీ మార్చకు. యెహెజ్కేలు గారు సాక్షి.

ఎదురుచూస్తూ,
కృపారాణి


తుని,
ఆగస్టు 19.

ప్రియమైన వీరమ్మకు,

మూడు వారాలు దాటింది. ఉత్తరం లేదు. ఫోన్ చేస్తే విజయ్ పాల్ "పెద్దమ్మే రాయిస్తుంది అత్తయ్యా" అని పెట్టేస్తున్నాడు. గెలిచినదానివి ఇంతసేపు ఊరుకోవు, నాకు తెలుసు. నేనే గెలిచి ఉంటే చెప్పెయ్యి, ఫర్వాలేదు. బోర్డు మీద ఇద్దరి పేర్లూ రాయించుకుందాం. నాకు అభ్యంతరం లేదు.

నీ ఆరోగ్యం బాగుందా?

ఆదుర్దాతో,
వదిన


పాలకొల్లు,
ఆగస్టు 24.

ప్రియమైన వదినకు,

ఆలస్యానికి యెహెజ్కేలు గారి తప్పేమీ లేదు. ఆయన్ని మూడుసార్లు పిలిపించి, మూడుసార్లూ కాఫీ ఇచ్చి పంపేశాను. ఈసారి కూర్చోబెట్టాను.

మూడో చరణం విన్నాను. ఆ గొంతు గోడ వారనుంచి రాలేదు. నడవ వారనుంచీ రాలేదు. మగవాళ్ళ వైపు నుంచి వచ్చింది.

"తీగలు తారుమారు చేశావురా" అని విజయ్ పాల్ మీద విరుచుకుపడ్డాను. "కాదు పెద్దమ్మా, రెండోది మళ్ళీ వేస్తాను, నువ్వే చూడు" అన్నాడు. రెండో చరణం మగవాళ్ళది. అది వాళ్ళ వైపు నుంచే వచ్చింది. తీగలు సరిగానే ఉన్నాయి.

మళ్ళీ మూడోది వేయించాను. ఆడవాళ్ళ వైపు ఇరవై మందిమీ ఉన్నాం. అందులో నువ్వూ ఉన్నావు, నేనూ ఉన్నాను. పులుసులో ఉప్పూ కారంలా కలిసిపోయి, ఎవరు ఎవరో తెలియదు. మగవాళ్ళు నోరు మూసుకున్నారు. వాళ్ళ వైపు ఆ గొంతు ఒక్కటే ఉంది. టేపు రికార్డరులో మనందరి నెత్తిన వినబడినది అదే.

ఎవరిదో నాకు మొదటి ముక్కకే తెలిసింది. మడిలో నడుం వంచి పదేళ్ళు విన్నాను. రామలక్ష్మిది. నువ్వు బడిలో ఉండేదానివి, నీకు అంతగా తెలియదు. మా ఊడ్పుల ముఠాలో పాట ఎత్తేది ఆవిడే. మేం గుడి పాటలు పాడుకుంటుంటే రెండు రోజుల్లో పట్టేసేది. "మీ గుడికి నేను రాను గానీ వీరమ్మా, పాట మటుకు వదలను" అనేది.

ఆ రోజు వచ్చింది. మగవాళ్ళ వైపు కిటికీ బయట నిలబడింది. రెండో మైకు ఆ కిటికీ పక్కనే ఉంది.

వదినా, ఇది చెప్పడానికే మూడు వారాలు పట్టింది. నేను ఆవిడని చూశాను. ఆవిడా నన్ను చూసింది. తల ఊపి రమ్మంటే వచ్చేదేమో. నేను పిలవలేదు. లోపలికొస్తే పాట ఆవిడ ఎత్తుతుంది, నా గొంతు ఎవరికీ వినబడదు. అంతే, ఇంకే కారణమూ లేదు. కొంగు సర్దుకుని పాస్టరు గారి వైపు తిరిగాను. నలభై ఏళ్ళుగా ఆ సంగతి మరిచిపోయాననుకున్నాను. మరిచిపోలేదు, పైకి తియ్యలేదు. ఆ గొంతు నాదేనని అంత గట్టిగా పోట్లాడింది అందుకేనేమో, తెలియదు.

ఇది విని యెహెజ్కేలు గారు కలం ఆపి నా వైపు చూశారు. "రాయండి, ఒక్క ముక్క వదలకండి" అన్నాను.

బోర్డు మీద నా పేరు లేదు. నిన్నడగకుండా నీ పేరు కూడా తీసేయించాను. కోపమొస్తే వచ్చి తిట్టు. నిన్ను తలుచుకునేవాళ్ళు లేరన్నావు. నువ్వు అక్షరాలు నేర్పిన పిల్లలు ఇప్పుడు కమిటీలో నలుగురున్నారు. పండగ రోజు బైబిలు పాఠం కృపారాణి టీచరు గారే చదవాలని వాళ్ళంతట వాళ్ళే అన్నారు. నేను చెప్పించలేదు.

రామలక్ష్మి బతికే ఉంది. పట్టిసీమలో కూతురి దగ్గర ఉంటోందని వాకబు చేశాను. విజయ్ పాల్ ఫోన్ నంబరు కూడా సంపాదించాడు. "పెద్దమ్మా, ఫోన్ చేసి చెప్పేద్దామా?" అన్నాడు. వద్దన్నాను. పేరు రాయించాలంటే ముందు ఆవిడ ఒప్పుకోవాలి. ఇన్నేళ్ళ తర్వాత మీ గుడి గోడ మీద నా పేరెందుకంటే నా దగ్గర జవాబు లేదు. ఎదురుగా నిలబడి, జరిగింది చెప్పి, అప్పుడు పిలవాలి.

ఒక్కదాన్నే వెళ్తే నోరు పెగలదు. నాకు నోరు పెగలకపోవడం నువ్వెప్పుడైనా చూశావా? వచ్చే గురువారం పొద్దున రైలెక్కి కొవ్వూరులో దిగు. నేను స్టేషన్‌లో ఉంటాను. అక్కణ్ణుంచి పట్టిసీమ బస్సు ఎక్కుదాం.

బట్టలు రెండు జతలు తెచ్చుకో. మొదటి రోజే ఆవిడ సరేనంటుందని నేననుకోవడం లేదు.

నువ్వు వస్తావన్న ధైర్యంతో,
నీ మరదలు
వీరమ్మ (వేలిముద్ర)